నాలుగు కిలోల గొప్ప

నాది బక్క ప్రాణం. 56 కిలోలు. ఈ అంకె ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పెళ్లిచూపుల్లో 60 అన్నాను. ఆ తర్వాత ఎవరడిగినా అదే. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను.

డాలస్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి అమ్మా నేనూ బయల్దేరాం. పెట్టెకి 23 కిలోలు, అంటే 50 పౌన్లు. "రెండు మణుగులన్నమాట" అంది అమ్మ. కిలోల కాలంలో మణుగులేంటమ్మా అని కొట్టిపారేశాను. తర్వాత చూస్తే మద్రాసు మణుగు 25 పౌన్లు. ఆవిడ లెక్కలో ఒక్క పౌను కూడా తేడా లేదు.

ఇంట్లో ఉన్నది మనిషి ఎక్కి చూసుకునే మిషను. పెట్టె పెడితే అంకె కనబడదు. అందుకని పెట్టె ఎత్తుకుని నేనే ఎక్కాను. 83. అందులోంచి నా 60 తీసేస్తే 23. ఖాళీ చేతుల్తో ఇంకోసారి ఎక్కితే సరిపోయేది. ఎక్కలేదు. నా బరువు నాకు తెలీదా! నాలుగు పెట్టెలూ అలాగే తూచాను.

పుష్పక్ బస్సులో శంషాబాద్ చేరేదాకా అమ్మకి వెయిట్ అనే ఇంగ్లీషు మాట మీద పాఠం చెప్పాను. బరువూ అదే, తక్కెట్లో వేసే తూకంరాయీ అదే, మనిషి పలుకుబడీ అదే. (ఈ మూడోది చెప్పేటప్పుడు కొంచెం నిటారుగా కూర్చున్నాను.) వినియోగదారుల ధరల సూచీలో ఒక్కో సరుక్కి ఇచ్చే ప్రాధాన్యం కూడా వెయిటే, 2012 ఆధారంగా కట్టిన సూచీలో తిండీ పానీయాలకి 45.86 శాతం అన్నాను.

"మన పెట్టెల్లో ఇంకా ఎక్కువేరా" అంది అమ్మ, ఆవకాయా సున్నుండలూ తలుచుకుని.

కౌంటర్లో అమ్మాయి "ఒక్క నిమిషం వెయిట్ అమ్మా" అంది.

"ఇరవై మూడు" అంది అమ్మ ఠక్కున.

వెనక ఎవరో నవ్వారు. నేను గొంతు సవరించుకుని, అది ఆగమనే వెయిటమ్మా, ఇది తూచే వెయిటు, తెలుగులో రాస్తే రెండూ ఒకటే, ఇంగ్లీషు స్పెల్లింగులే వేరు అని క్యూ అంతటికీ వినబడేలా విడమరిచాను. ఈలోగా మొదటి పెట్టె బెల్టు ఎక్కింది. అంకెలు గిరగిరా మారి 27 దగ్గర ఆగాయి.

"మీ మిషన్లో తేడా ఉన్నట్టుంది" అన్నాను.

ఆ అమ్మాయి ఓపిగ్గా పక్క కౌంటర్లో పెట్టించింది. 27. రెండోదీ 27. మూడోదీ అంతే. "అన్నిటికీ సరిగ్గా నాలుగే ఎక్కువేంటి సార్?" అంది.

అప్పుడు వెలిగింది నాకు. నోరు మాత్రం విప్పలేదు.

మూడు పెట్టెలకి అదనపు డబ్బు కట్టి, నాలుగోది నేల మీదే విప్పాను. ఆవకాయ డబ్బా మీద చెయ్యి వేస్తే అమ్మ ఊరుకోలేదు. నా సరుకే తీశాను. రెండు స్వెట్టర్లు, వాటి మీద కోటు తొడుక్కున్నాను. బూట్లు మెడకి వేలాడదీసి, నిఘంటువు చంకలో పెట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఇప్పుడున్నావురా అరవై కిలోలు" అంది.