నన్ను స్కాన్ చేసినవారికి

నేనొక తెలుగు కథాసంపుటిని. విజయవాడలో అచ్చయ్యాను. నాతో పాటు పుట్టినవి 500 ప్రతులు. అచ్చు ఖర్చంతా మా రచయిత్రే పెట్టుకున్నారు. తెలుగులో చాలా కథల పుస్తకాలు ఇప్పుడు అలాగే వస్తున్నాయి. జనవరిలో పుస్తక మహోత్సవానికి వచ్చిన ఒక మాస్టారు నన్ను కొన్నారు.

ఆయన నన్ను బీరువాకే కట్టిపడెయ్యలేదు. పక్కింటి కోడలు చదివింది. వాళ్ళ తమ్ముడు రైల్లో చదివి, టీ మరకతో తిరిగిచ్చాడు. ఆ చేతులన్నీ నాకిష్టం. కొన్న పుస్తకాన్ని అరువివ్వడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

ఆ తర్వాత ఒక సాహిత్యాభిమాని నన్ను తీసుకెళ్ళి, వెన్ను విరిగేలా పరిచి, పేజీ పేజీ ఫోన్లో ఫొటో తీసి, పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. హక్కులు ఎవరివో రాసి ఉన్న పేజీని మాత్రం వదిలేశాడు. నాలుగు రోజులకు నాలోని ఒక కథ రచయిత్రి పేరు లేకుండానే తిరగసాగింది. అమ్ముడుపోని ప్రతుల కట్టలు మంచం కింద అలాగే ఉన్నాయని ఆవిడ మాస్టారితో ఫోన్లో అన్నారు. కానీ పేరు పోయినందుకే ఆవిడ గొంతు ఎక్కువగా వణికింది.

బీరువాలో నా పక్కన ‘కన్యాశుల్కం’ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు. ఆయన నాటకాన్ని ఎవరైనా స్కాన్ చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. మొదట 50 ఏళ్ళే ఉండేది. టాగోర్ రచనల గడువు ముగిసే వేళ వచ్చిన 1992 సవరణ దాన్ని పెంచింది. చలం 1979లో పోయారు గనక ఆయన పుస్తకాలకు 2039 చివరిదాకా హక్కు ఉంది. మా రచయిత్రి నిక్షేపంగా ఉన్నారు! షాపుల్లో దొరకడం లేదనో, పైసా తీసుకోకుండా పంచాననో చెప్పినంత మాత్రాన ఆ హక్కు పోదు.

చట్టం మరీ కఠినమైనదేమీ కాదు. సమీక్షలో కొన్ని వాక్యాలు ఉదహరించవచ్చు. చూపులేనివారు వినేలా మార్చడానికి 2012 సవరణ వీలిచ్చింది.

నేను నచ్చితే నా అట్ట ఫొటో పెట్టండి. మనసుకు తగిలిన వాక్యాన్ని రచయిత్రి పేరుతో సహా రాయండి. ఎక్కడ దొరుకుతానో చెప్పండి. మొత్తం పంచాలనిపిస్తే ముందు ఆవిడను అడగండి. ఫోన్ నంబరు అట్ట వెనక పేజీలోనే ఉంది.