పత్రం నిండా ‘లేదు’లే

పామిడిలో పెన్న ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. ఎప్పుడైనా నీళ్లొస్తే పిల్లోణ్ణి నాయన ఏటి దరిదాపులకు పోనివ్వడు. కాలు తడిస్తే వీపు విమానం మోతే. అదే నాయన, నైటీల వ్యాపారం నాలుగు రాళ్లు మిగల్చగానే, ఈత రాని పదేళ్ల కొడుకును వైజాగ్ రుషికొండకు తోలుకపోయి స్కూబా అంటూ సముద్రంలో ముంచుతాడు. వాట్సాప్ స్టేటస్ పెట్టొద్దా మరి!

దిగేముందు ఒక ఆరోగ్య పత్రం చేతికిస్తారు. ఆస్తమా ఉందా? మూర్ఛలు వచ్చాయా? చెవికి ఆపరేషన్ అయిందా? గుండె జబ్బుందా? అవునంటే డాక్టరు సంతకం తెమ్మంటారు. అంత ఓపిక ఎవరికుంది? పైనుంచి కిందిదాకా ‘లేదు’ మీద గీకేశాడు. పక్కన పిల్లోడు ముక్కు ఎగబీలుస్తున్నాడు, నిక్కరు జేబులోంచి ఇన్‌హేలర్ తొంగిచూస్తోంది. అదేమిటని అడిగితే జవాబు సిద్ధం: “శెనక్కాయల కల్లంలో దుమ్ముకు వచ్చే ఆయాసంలే సార్. సముద్రంలో దుమ్ము యాడుంటాది?”

నిజమే, దుమ్ముండదు. ఒత్తిడి ఉంటుంది. పది మీటర్ల లోతున పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది. ఊపిరి బిగబట్టినా, ఆస్తమాతో గాలిగొట్టాలు బిగుసుకున్నా, ఆ గాలికి దారి దొరక్క ఊపిరితిత్తి చీలొచ్చు. అందుకు పది మీటర్లూ అక్కర్లేదు. సిలిండరు గాలి గుండెల నిండా పీల్చి, బిగబట్టి లేస్తే మీటరు పైచిలుకు లోతు చాలు. ఇక జలుబు. ముక్కు వెనకనుంచి చెవికి పోయే గొట్టం పిల్లల్లో అసలే సన్నం. అది పూడుకుపోతే కర్ణభేరి చిట్లొచ్చు. మూర్ఛ సంగతి వేరే చెప్పాలా? నోట్లో గొట్టం జారితే నీళ్లే.

పదేళ్లు నిండితే సముద్రంలో దిగొచ్చని, పది పదకొండేళ్ల వాళ్లు 12 మీటర్లు దాటరాదని డైవింగ్ నేర్పే ప్యాడీ సంస్థ నియమం. తొలిసారి మునిగే ఎనిమిదేళ్ల వాళ్లకు పూల్‌లో 2 మీటర్లే. వయసైతే ఆధార్ కార్డు చెబుతుంది. కళ్లకు పెట్టిన మాస్కులోకి నీళ్లు చేరినప్పుడు పిల్లోడు బెదిరి పైకి తన్నుకొస్తాడా, నేర్పింది గుర్తుంచుకుంటాడా? అది ఏ కార్డులోనూ ఉండదు.

“నాకు భయమేస్తాంది నాయనా” అన్నాడు పిల్లోడు.

“దుడ్లు కట్టేసినా. దిగు.”

ఆ సాయంత్రమే తిరుగు విమానం. ఒక్కసారి మునిగినా కనీసం 12 గంటలు విమానం ఎక్కొద్దని బోధకుడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నాయన ఒప్పుకోలేదు. టికెట్టు రద్దు చేస్తే పైసా తిరిగి రాదట. ఆ షరతుల పత్రం మాత్రం అక్షరం వదలకుండా రెండుసార్లు చదివాడు.