బూజునివారిణి: ఒక రాయపూరు ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

వానకాలమెల్ల వాకిళ్ళు మూయకు
చెమ్మబట్ట లోన చేర్చబోకు
కూలరెండబెట్టి కొట్టులో దాచుము
రాయపూరివాస! రమ్యహాస!

అవతారిక

కర్త ఎవరో తెలియదు. బీరువా తెరిచి ముక్కు మూసుకున్న ఇల్లాలని శైలి చెబుతోంది. దేశం రాయపూరు. 1931లో విజయనగరం నుంచి ఇక్కడిదాకా రైలుదారి పూర్తయ్యాక తెలుగువాళ్ల రాకపోకలు సులువయ్యాయి. వాళ్ల వెంట ఆవకాయ జాడీలూ వచ్చాయి. బూజును మాత్రం ఎవరూ మోసుకురాలేదు. దాని బీజాలు ఏ ఊరి గాలిలోనైనా, ఏ కాలంలోనైనా ఉండేవే.

ప్రతిపదార్థం

రాయపూరివాస = రాయపూరులో కాపురమున్నవాడా!; రమ్యహాస = చక్కని నవ్వు గలవాడా! (యతి కోసం పడిన మాట; బీరువా తెరిచేదాకా చెల్లుతుంది); వానకాలమెల్ల = జూన్ నడుమ మొదలు సెప్టెంబరు చివరిదాకా; వాకిళ్ళు = తలుపులు, ఉపలక్షణం చేత కిటికీలూ, స్నానాలగది వెంటిలేటరూ; మూయకు = బిగించి కూర్చోకు; చెమ్మబట్ట = ఆరిందని మనం అనుకున్న బట్ట; లోన = బీరువాలో; చేర్చబోకు = మడతపెట్టి నెట్టకు; కూలరు = మే నెలలో ప్రాణదాత, జులైలో అడ్డం; ఎండబెట్టి = నీళ్లు పారబోసి, గడ్డి విప్పి, ఎండ చూపించి; కొట్టులో = సామాన్ల గదిలో; దాచుము = ఉంచుము.

తాత్పర్యం

నీళ్లు లేనిచోట బూజు లేదు.

విశేషాలు

మొదటి పాదం మీద పెద్ద వివాదమే ఉంది. పూర్వపక్షం హాల్లో కూర్చున్న మామగారిది: “బయట జడివాన. జులై, ఆగస్టు నెలల్లో పొద్దుటి గాలిలో తేమ ఎనభై శాతం దాటుతుంది. కిటికీ తీస్తే ఆ తేమంతా ఇంట్లోకే కదా?” కాదనలేని మాట. సమాధానం వంటింట్లోంచి వస్తుంది: “కిటికీలు మూసినంత మాత్రాన ఇల్లు పొడిగా ఉందా మామయ్యా? అన్నం ఆవిరి, స్నానాల ఆవిరి, హాల్లో తాడుమీది బట్టలు, అయిదుగురి ఊపిరి, ఇవన్నీ ఎటు పోతాయి?” ఇద్దరి మాటా నిలిచేలా సిద్ధాంతం ఇది: వాన కొడుతున్నంతసేపూ మూయాలి, తెరిపివ్వగానే ఎదురెదురు కిటికీలు తీయాలి, వంటింటి ఫ్యాను పొయ్యి ఆర్పాక కూడా కాసేపు తిరగాలి. ఇంట్లో తేమ అరవై శాతానికి లోపు ఉంటే బూజుకు బతుకు కష్టం. దాన్ని చూపే చిన్న మీటరు బజారులో దొరుకుతుంది. మామగారి చేతికిస్తే వివాదం సగం తగ్గుతుంది.

రెండో పాదం దగ్గర వ్యాఖ్యాతకు కోపం వస్తుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఇంటిల్లిపాదినీ కేకలేసే మనిషే సగం ఆరిన తువ్వాలును పట్టుచీర మీద పెట్టి తలుపేస్తుంది! జాడీకి తెలిసిన శాస్త్రం బీరువాకు వర్తించదా? తడిసినదేదైనా ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఆరాలి, లేకపోతే బూజు మొదలైపోతుంది. 1928లో లండన్‌లో ఫ్లెమింగ్ గారి గాజుపళ్లెంలో పట్టిన బూజు పెనిసిలిన్‌కు దారితీసింది. మన పట్టుచీర మీద పట్టింది మచ్చకే దారితీస్తుంది.

మూడో పాదం అచ్చంగా రాయపూరుది. ఎండ నలభై అయిదు డిగ్రీలు తాకే రోజుల్లో బయటిగాలి పొడి కనుక కూలరు చల్లగా పనిచేస్తుంది, కిటికీ కాస్త తెరిచి ఉంటే తేమా బయటికి పోతుంది. చిక్కంతా తొలకరి తర్వాత. గాలే తడిసిపోయాక కూలరు చల్లబరచలేదు, గదిని మాత్రం తడుపుతుంది. అలవాటు చొప్పున ఇంకో రెండు వారాలు తిప్పేవాళ్ల గోడమీదే నల్లచుక్కలు ముందు పొడుస్తాయి. తొట్టిలో నిలిచిన నీళ్లలో డెంగీ దోమ కూడా గుడ్లు పెడుతుంది. కవయిత్రి దోమను వదిలేసింది, పాదంలో చోటు చాలలేదు కాబోలు.

అలాగే శీతాకాలాన్నీ వదిలేసింది. ఇది క్షమించరాని లోపం. డిసెంబరులో చల్లబడ్డ గోడకు బీరువా ఆనించి పెడితే దాని వెనక తేమ చేరుతుంది. జానెడు జరిపితే గాలి ఆడుతుంది. ఇక మే ఎండ! పరుపులు, రగ్గులు, అట్టపెట్టెలు, పుస్తకాలు అన్నింటికీ డాబా మీద ఉచిత వైద్యం. ఆ నెలంతా తెరలు దించుకుని పడుకుని, ఆగస్టులో బూజు మందులు కొంటాం. మందు కొట్టి, పైన రంగు పూసినా పైపు కారుతున్న గోడ మళ్లీ నల్లబడుతుంది. ముందు పైపు బాగుచేయాలి.

ఛందస్సు

ఆటవెలది. నాలుగు పాదాల్లో సూర్యగణాలు పదహారు, ఇంద్రగణాలు నాలుగు. వాన నాలుగు నెలలే అన్న లెక్కను కవయిత్రి తెలిసి చేసిందో తెలియక చేసిందో! ఇంద్రుడు చొరబడిన చోట్లు మాత్రం గమనించదగినవి: మొదటి పాదంలో వాకిళ్ళ దగ్గర, మూడో పాదంలో కొట్టులో.