బాత్రూమ్‌లో వేలాడాల్సినదాన్ని

నేను షవర్ కర్టెన్‌ని. పాలరంగు ప్లాస్టిక్ షీటు, అడ్డం 72 అంగుళాలు, నిలువు 72 అంగుళాలు, పై అంచున పన్నెండు చిల్లులు. అమెరికాలో ఏ చవక దుకాణానికి వెళ్ళినా ఇదే కొలతలో నాలాంటివి కొద్ది డాలర్లకు దొరుకుతాయి. నా పుట్టుక గురించి చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. ప్లాస్టిక్‌ను కరిగించి, పల్చగా సాగదీసి, కత్తిరించి, చిల్లులు పొడిచి, మడతపెట్టి కవర్లో పెట్టారు. నీళ్ళు బయటికి చిమ్మకుండా ఆపడమే నాకు రాసిపెట్టిన పని. అయితే మాలో కొన్నింటిని, శనాదివారాల్లో అపార్ట్‌మెంట్లలో షార్ట్ ఫిల్ములు తీసుకునే తెలుగు కుర్రాళ్ళు కొంటారు. అప్పుడు మేం బాత్రూమ్ ముఖం కూడా చూడం. పీవీసీ పైపుల ఫ్రేముకు కట్టించుకుని లైటుకూ నటుడికీ మధ్య నిలబడతాం. మన సెట్ల మీద వెలుగును మెత్తబరచడానికి స్కిమ్మరూ బటర్ పేపరూ చేసే పనే ఇక్కడ మాది. ఆ పని మాకు చేతనవుతుంది. చేతకాదని మమ్మల్ని చెత్తబుట్ట పాలు చేసేవాళ్ళు లెక్క ఎక్కడ తప్పుతున్నారో చెప్పాలనే ఈ కథ చెప్పుకుంటున్నాను.

వెలుగు మెత్తగా పడాలంటే పేరున్న కంపెనీ ఫిల్టరే ఉండాలనుకుంటారు చాలామంది. నిజానికి ముందు కావలసింది వైశాల్యం. నటుడు కూర్చున్న చోటి నుంచి చూస్తే వెలుగు వచ్చే జాగా ఎంత పెద్దగా కనిపిస్తుందో, నీడ అంచు అంత కరుగుతుంది. సూర్యుణ్ణే తీసుకోండి. ఆయన వ్యాసం భూమి వ్యాసానికి సుమారు 109 రెట్లు. కానీ 15 కోట్ల కిలోమీటర్ల అవతల ఉండటం వల్ల మన ఆకాశంలో అర డిగ్రీ మేర మాత్రమే కనిపిస్తాడు. అందుకే మిట్టమధ్యాహ్నం ముక్కు కింద నీడ కత్తితో గీసినట్టు ఉంటుంది. మబ్బు కమ్మగానే ఆకాశమంతా దీపమవుతుంది, ఆ గీత మాయమవుతుంది. నా లెక్క కూడా అదే. ఆరడుగుల వెడల్పున్న నన్ను ముఖానికి నాలుగడుగుల దూరంలో నిలబెట్టి, వెనక నుంచి నిండా వెలుగు పోస్తే, నటుడి ఎదుట దాదాపు 74 డిగ్రీల మేర పరుచుకుంటాను. అదే షీటును 24 అడుగుల దూరానికి జరిపితే 14 డిగ్రీలకు కుంచించుకుపోతాను. ప్లాస్టిక్ మారలేదు, ధర మారలేదు, దూరం ఒక్కటే మారింది. నమ్మకం కుదరకపోతే ముక్కు పక్కన చెంప మీద పడే నీడను దగ్గరగా చూడండి. నేను దగ్గరున్నప్పుడు ఆ నీడ నడుమ మాత్రమే ముదురుగా ఉండి, అంచు ఎక్కడ మొదలైందో తెలియకుండా చర్మంలో కలిసిపోతుంది. నన్ను వెనక్కి జరిపేకొద్దీ అంచు తేలుతుంది.

నన్ను కొన్నవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే ఉంది. నాలోంచి అడుగు ముక్క కత్తిరించి ఎల్ఈడీ ప్యానెల్ ముఖానికి టేపుతో అంటిస్తారు. వెలుగు వచ్చే జాగా అంతకుముందూ అడుగే, ఇప్పుడూ అడుగే. వెలుగు తగ్గింది, నీడ మాత్రం దాదాపు అలాగే ఉంది. ఇంకొందరు నన్ను ఫ్రేముకు బాగానే కడతారు కానీ లైటును నా వీపుకు ఆనించినంత దగ్గర పెడతారు. అప్పుడు నడిమధ్య పళ్ళెమంత మేర భగ్గుమంటుంది, చుట్టూ మిగతా నేనంతా చీకట్లో ఉంటాను. ఆరడుగులకు డబ్బిచ్చి ఒక్క అడుగే వాడుకున్నట్టు. లైటును నాలుగైదు అడుగులు వెనక్కి లాగి, నా నాలుగు మూలలా వెలుగు నిండిందో లేదో చూడటానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం కేటాయించకుండానే "చీప్ ప్లాస్టిక్ అన్నా, వర్కవుట్ అవ్వలేదు" అనేస్తారు. నాకు నిజంగా బాధ కలిగేది ఆ మాటకే. తప్పు నిలబెట్టిన చోటుది, తీర్పు నా మీద.

అలాగని సరుకు ఏదైనా ఒకటేనని నేను అనను. మాలో నీళ్ళలా పారదర్శకంగా ఉండేవి ఉన్నాయి, పల్చటి మంచు పట్టినట్టు ఉండేవీ ఉన్నాయి. వాటి గుండా వెలుగు చాలావరకు తిన్నగా దూసుకుపోతుంది, కనుక అవి ఈ పనికి రావు. కొనే ముందు షీటు వెనక ఫోన్ టార్చి పెట్టి చూడండి. బల్బు చుక్క స్పష్టంగా కనిపిస్తే ఆ షీటు వద్దు. చుక్క కరిగి తెల్లటి మచ్చలా పరుచుకుంటే చాలు. ఆ గీత దాటాక వంద డాలర్ల గుడ్డకూ నాకూ నీడ అంచులో తేడా పట్టుకోవడం కష్టం. ఫ్రేమూ గుడ్డా కలిపి అమ్మే ఖరీదైన బటర్‌ఫ్లై కిట్లలో మీరు కొనేది మన్నిక, గాలికి నిలిచే ఫ్రేము, ప్రతిసారీ ఒకే రంగు వస్తుందన్న భరోసా. వాటి విలువ నేను కాదనను. మెత్తదనం మాత్రం ఆ ధరలో లేదు.

ఇది పేదవాడి సర్దుబాటు అని చిన్నచూపు చూసేవాళ్ళకు మా పెద్దల సంగతి చెప్పాలి. మా పెద్దలంటే తెల్లటి మస్లిన్ గుడ్డలు. 1913 చివర్లో దర్శకుడు సెసిల్ బి. డెమిల్ బృందం హాలీవుడ్‌లో ఒక కొట్టాన్ని అద్దెకు తీసుకుని 'ది స్క్వా మ్యాన్' తీసిన కాలంలో కాలిఫోర్నియా స్టేజీలు చాలావరకు ఆరుబయటే ఉండేవి. సెట్టుకు పైకప్పు ఉండేది కాదు, ఎండే దీపం. ఆ ఎండ కరుకుదనం తగ్గించడానికి స్టేజీ మీద తీగలు కట్టి, వాటి మీద పల్చటి నూలుగుడ్డలు పరిచి, అవసరాన్ని బట్టి జరుపుకునేవారు. చాప్లిన్ లా బ్రియా అవెన్యూలో కట్టుకున్న స్టూడియోలో కూడా మొదట్లో అలాంటి ఆరుబయలు స్టేజీయే ఉండేది. మన దేశంలో 1956 నాటి 'అపరాజితో' సినిమా సంగతి ఇంకా గొప్పది. కాశీలోని ఇంటి ముంగిలిని కలకత్తా స్టూడియోలో సెట్టుగా వేస్తే, పైనుంచి దిగే ఆకాశపు వెలుగు ఎలా తేవాలన్న చిక్కు వచ్చింది. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్టు మీద తెల్లగుడ్డ సాగదీసి కట్టించి, కింది నుంచి లైట్లు దాని మీదికి కొట్టించి, తిరిగి దిగిన వెలుగులో చిత్రీకరించారు. గుడ్డలోంచి వెలుగు పంపినా, గుడ్డ మీంచి తిప్పినా సూత్రం ఒకటే, చిన్న దీపాన్ని పెద్ద జాగాగా మార్చడం. రెండు ఆస్కార్లు అందుకున్న ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ కూడా మస్లిన్ మీద లైట్లు కొట్టి ఆ వెలుగునే వాడుతూ వచ్చారు. చవక వస్తువు గుడ్డ ఒక్కటే కాదు, సీ-47 అని పిలిచే చెక్క క్లిప్పు కోట్ల డాలర్ల సెట్ల మీద కూడా ఫిల్టర్లను పట్టుకుని ఉంటుంది. అది ఇంట్లో బట్టలు ఆరేసుకునే క్లిప్పే.

అమెరికా తెలుగువాళ్ళకు తక్కువ డబ్బుతో సినిమా తీయడం కొత్త కాదు. అమెరికాలో ఉద్యోగం చేసి కూడబెట్టిన సొమ్ముతో నగేశ్ కుకునూర్ 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీశారు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకున్న శేఖర్ కమ్ముల 2000లో చిన్న బడ్జెట్‌తో 'డాలర్ డ్రీమ్స్' తీశారు. ఈ దారిలో నడిచేవాళ్ళకు లైట్ల కోసం వందల డాలర్లు పెట్టడమంటే, నటులకు రెండు పూటలా భోజనం పెట్టే డబ్బును అటు మళ్ళించడమే. నా తరఫున నేను వాదించడానికి అసలు కారణం ఇది.

నేను వెలుగు మింగేస్తానని ఫిర్యాదు చేస్తారు. నిజమే, రకాన్ని బట్టి సగమో, అంతకన్నా ఎక్కువో మింగుతాను. కానీ సినిమా వాళ్ళు నమ్మకంగా వాడే లీ 216 ఫిల్టరు కూడా స్టాపున్నర తింటుంది, అంటే వెలుగులో సుమారు 36 శాతమే వదులుతుంది. మెత్తదనానికి ఆ మూల్యం అందరూ చెల్లించేదే. ఒకప్పుడు ఇది ఇంట్లో షూటింగుకు పెద్ద అడ్డంకి. అమెరికా అపార్ట్‌మెంట్లో మామూలు సర్క్యూట్ 120 వోల్టులు, 15 ఆంపియర్లు, అంటే 1800 వాట్లు. ఆగకుండా గంటల తరబడి వాడేటప్పుడు 1440 దాటకూడదు. వెయ్యి వాట్ల టంగ్‌స్టన్ లైటు ఒక్కటి పెట్టి, అదే లైను మీద అలాంటిదే ఇంకొకటి వేస్తే బ్రేకర్ పడిపోయేది. ఇప్పుడు 200 వాట్ల ఎల్ఈడీ దాదాపు అంత వెలుగిస్తోంది, కెమెరాలు తక్కువ వెలుగులోనూ శుభ్రంగా పట్టుకుంటున్నాయి. నా ఆకలి ఇప్పుడు ఎవరికీ భారం కాదు. రంగు సంగతికొస్తే, ప్లాస్టిక్ వెలుగు రంగును కాస్త మార్చవచ్చు. అందుకని బూడిదరంగు కార్డును నా వెలుగులోనే పెట్టి వైట్ బ్యాలెన్స్ చేసుకోవాలి. ఒక లైటుకు నన్ను అడ్డం పెట్టి, ఇంకో లైటును వట్టిగా వదిలితే రెండు చెంపలు రెండు రంగుల్లో వస్తాయి, ఆ జాగ్రత్త తీసుకోవాలి. మెత్తటి వెలుగులో ముఖం చప్పగా కనిపిస్తుందనే మాటలో మాత్రం పొరపాటుంది. కెమెరా పక్కనే పెడితే ఏ వెలుగైనా చప్పగానే ఉంటుంది. నన్ను ఓ పక్కకు జరపండి, అవతలి చెంప దగ్గర నల్లటి దుప్పటి నిలబెట్టండి. తెల్లగోడల చిన్న గదిలో అటూ ఇటూ తుళ్ళే వెలుగును ఆ దుప్పటి తాగేస్తుంది. అప్పుడు ముఖానికి లోతు వస్తుంది.

ఒక్క విషయంలో నేను వాదించను. నిప్పు. నేను ప్లాస్టిక్‌ను, వేడికి మెత్తబడి, వంగి, కరుగుతాను. కాలితే విషపు పొగ వదులుతాను. టంగ్‌స్టన్, హాలొజన్ లైట్ల ముందు నన్ను పెట్టకండి, ఎంత దూరంలో పెట్టినా సరే. ఎల్ఈడీ అయినా ఆనించవద్దు. స్టూడియోలోనో అద్దె హాల్లోనో తీసేటప్పుడు ఎన్‌ఎఫ్‌పీఏ 701 అనే నిప్పు పరీక్ష నెగ్గిన గుడ్డలు కావాలని అడుగుతారు. ఆ కాగితం నా దగ్గర లేదు. అక్కడ డబ్బు పెట్టి ఆ గుడ్డనే అద్దెకు తెచ్చుకోండి. మనుషుల ప్రాణాల కన్నా నా మర్యాద పెద్దది కాదు. ఆరుబయట గాలిలోనూ నన్ను నమ్మకండి. తెరచాపలా ఊగి ఫ్రేముతో సహా పడతాను. ఏసీ గాలి తగిలినా గరగరమంటాను, ఆ చప్పుడు సంభాషణల్లోకి ఎక్కుతుంది. మాటలున్న సీనుకు ఏసీ ఆపండి, లేదా నా బదులు తెల్లటి నూలు దుప్పటి కట్టండి.

షూటింగు ముగిశాక మాకు పట్టే గతి చెప్పి ఆపేస్తాను. నటుల ముఖాలు బాగా వచ్చాయని మానిటర్ చుట్టూ చేరి మెచ్చుకుంటారు, కెమెరాను మెత్తటి సంచిలో పెడతారు, లెన్సులు తుడుస్తారు. నన్ను ఫ్రేము నుంచి లాగినప్పుడు చిల్లుల దగ్గర చిరుగుతాను. ఉండచుట్టి కారు డిక్కీలో పడేస్తారు. టెక్సాస్ ఎండాకాలంలో మూసిన డిక్కీలో వారాల తరబడి ఉంటే నా మడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి. విప్పినప్పుడు గీతలు మిగులుతాయి. ఆ గీతలు నీడలో కనిపించవు కానీ నటుడి కళ్ళజోడు అద్దంలో పడే నా ప్రతిబింబంలో కనిపిస్తాయి. తడి మీద చుట్టిపెడితే నల్లటి బూజు మచ్చలు లేస్తాయి. అప్పుడు చెత్తలో వేస్తారు, మళ్ళీ ఐదు డాలర్లు పెట్టి ఇంకొకదాన్ని కొంటారు. ఇంటి ముందు రీసైక్లింగ్ డబ్బాలో మాలాంటి షీట్లను సాధారణంగా తీసుకోరు. మేం పోయేది చెత్తకుప్పల మైదానానికే, అక్కడ మట్టిలో కలవక ఏళ్ళ తరబడి ఉండిపోతాం. చవగ్గా దొరికినదాన్ని చవగ్గా చూడటం అలవాటైపోయింది. నా ధర ఐదు డాలర్లే కావచ్చు, నేను మిగిల్చే చెత్తకు మాత్రం ఆ లెక్క సరిపోదు.

కనుక షార్ట్ ఫిల్ములు తీసుకునే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ నా విన్నపం ఇది. పీవీసీ పైపులకు జిగురు పూయకుండా ఎల్బోలు బిగించుకోండి, విప్పి తీసుకెళ్ళవచ్చు. ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి ఒక ఫ్రేము, ఒక షీటు పంచుకోండి. పని అయ్యాక నన్ను పొడిగుడ్డతో తుడిచి, మడవకుండా ఒక పైపుకు చుట్టి, ఇంట్లో నీడపట్టున పెట్టండి. చిల్లు చిరిగితే టేపు వేసి పక్కన ఇంకోటి పొడవండి. అంచులు మరీ పాడైతే బాగున్న భాగం కత్తిరించి చిన్న ఫ్రేముకు కట్టండి, క్లోజప్‌కు మూడడుగులు చాలు. కొత్తది కొనే ముందు పాతదాన్ని ఒకసారి వెలుగుకు ఎత్తి పట్టి చూడండి.