ఛానలన్న

కరీంనగర్‌లో ఐటీ టవర్ 2020 జులైలో తెరుచుకుంది. కంప్యూటర్ చదివిన పిల్లలు హైదరాబాద్ బస్సెక్కకుండానే కొలువు చేసుకోవాలని కట్టిన భవనమది. ఆ టవర్ లోపలైనా, ఊళ్లో ఏ మేడ మీది గదిలోనైనా, పదిమంది కోడ్ రాసే చోట ఒక ఛానలన్న ఉంటాడు. రాసిన కోడ్ గురించి ఏ యాప్‌లో మాట్లాడుకోవాలో తేల్చేది ఆయనే. తేల్చేది అన్నాను గానీ, ఇంతవరకు తేలలేదు.

అంగడిలో ఎద్దు పండ్లు పట్టి చూసినట్టు ప్రతి యాప్‌నూ చూస్తాడు. స్లాక్ జాతకం ఆయనకు కంఠతా వచ్చు. ఓ కంప్యూటర్ ఆట తయారుచేసి నష్టపోయిన కంపెనీ, తమలో తాము మాట్లాడుకోవడానికి అల్లుకున్నదాన్ని 2014లో జనంలోకి వదిలింది. 2021లో దాన్ని సేల్స్‌ఫోర్స్ అనే కంపెనీ దాదాపు 2,770 కోట్ల డాలర్లకు కొన్నది. "మస్తుంటది తమ్మీ" అని అందరినీ అందులో చేర్పించాడు, పైసా కట్టని ప్లాన్‌లో. అందులో 90 రోజులు దాటిన ముచ్చట కనబడదు. సర్వర్ ఎట్లా అమర్చారో రాసిపెట్టిన మెసేజ్ కాస్తా అట్లా మాయమైంది.

"మన డేటా మన ఇంట్లనే ఉండాలె" అని మ్యాటర్‌మోస్ట్‌కు మార్చాడు. ఇల్లంటే బల్ల కింది పాత కంప్యూటర్. ఎండకాలం కూలర్‌కు జాగ లేక ఎవరో దాని ప్లగ్గు పీకిన నాడు ఆఫీసంతా మౌనవ్రతం.

తర్వాత జూలిప్. అందులో మాటమాటకూ ఒక టాపిక్ ఉండాలి. అన్నకు స్వర్గం దొరికింది. ఆదిలాబాద్‌లో ఇంటి నుంచే పనిచేసే అమ్మాయి "అన్నా, సైట్ పడిపోయింది" అని రాస్తే, "గీడ కాదు చెల్లె, వేరే టాపిక్ తెరిచి రాయి" అన్నాడు. ఆమె తెరిచేలోపు క్లయింటే ఫోన్ చేశాడు.

వాట్సాప్ చాలదా అని మాత్రం అడగొద్దు. "కోడ్ పెడితే ఫోన్ల వరుసలన్నీ విరుగుతయి. పని ముచ్చట్లల్ల పెండ్లి ఫొటోలు కలుస్తయి. కొలువు మానేసినోని ఫోన్ల మన గుట్టంతా ఉంటది" అంటాడు. నిజమే. ఆయన చెప్పేవన్నీ నిజాలే, చిక్కంతా అదే.

ఒకనాడు డాలస్ క్లయింటు రెండు ముక్కల మెయిల్ పంపాడు: రేపటి నుంచి అందరూ టీమ్స్‌లోకి రండి, మా ఆఫీస్ 365తో పాటే వచ్చింది. అందరూ అన్న మొహం చూశారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "నేను మొదటిసంది చెప్పేది గదే గదా" అన్నాడు.

ఇప్పుడు బగ్గులు రాసుకునే యాప్ వెతుకుతున్నాడు. జిరా బరువట.