పెంటికల సారు

రేణిగుంటలో రైలు దిగేవాళ్ళెవరూ రేణిగుంట చూద్దామని దిగరు. తిరుపతికో, కాళహస్తికో పోయే తొందరలో దిగుతారు. అలాంటివాళ్ళను ప్లాట్‌ఫారం మీద ఆపి, ఎదురుగా కనబడే కొండల వైపు వేలు చూపించి, "అది ఉత్త కొండ కాదు సామీ, శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు. 2010లో ప్రకటించినారు. నాలుగువేల ఏడువందల చదరపు కిలోమీటర్ల పైమాటే" అని చెప్పే మనిషి ఒకాయన ఉన్నాడు. యాత్రికుడు భక్తిగా ఆ కొండకు ఒక దణ్ణం పెట్టి, "గుండు యాడ కొడతారన్నా?" అంటాడు. ఆయన నొచ్చుకోడు. దణ్ణం పెట్టించినంతవరకూ లాభమే గదా అనుకుంటాడు.

అడిగితే వృత్తి నేచురలిస్టు అని చెప్పుకుంటాడు. ఊళ్ళోవాళ్ళు 'అడవి సారు' అంటారు. పిలకాయలు మాత్రం 'పెంటికల సారు' అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. భుజానికి వేలాడే ఖాకీ సంచీలో బైనాక్యులరు, నీళ్ళ సీసా, నాలుగు హోమియోపతి సీసాలు ఉంటాయి. సీసాల మీద అంటించిన కాగితం ముక్కల్లో గుండ్రటి చేతిరాత: దుప్పి, కణితి, కొండగొర్రె, కుందేలు. లోపల ఉన్నవి మాత్రలు కావు.

ఆయన కష్టం పగవాడిక్కూడా వద్దు. బడిపిల్లల్ని బస్సులో కోడూరు రోడ్డున మామండూరు దాకా తోలుకొస్తారు. బస్సు దిగీ దిగకముందే అరవై గొంతులు ఒక్కసారిగా "సార్, చిరుతపులి యాడుండాది?" అని అరుస్తాయి. ఆ అరుపుకు చిరుత కాదు గదా, చీమ కూడా ఆ చుట్టుపక్కల నిలవదు. కనబడని జంతువును పూటంతా చూపించడం అక్కడ్నుంచి ఆయన బాధ్యత. కనబడేదాన్ని చూపించడానికి తిరుపతిలో జూ ఉంది. 1987లో పెట్టారు, ఐదువేల ఎకరాలకు పైగా స్థలం, సింహం కూడా ఉంది. అడవిలో అయితే మాట మీదే బతకాలి.

బతుకుతాడు. దారిలో నల్లటి ముద్ద ఒకటి కనబడితే చాలు, గుడిలో ప్రసాదం దొరికినట్టు మోకాళ్ళ మీద కూలబడతాడు. పుల్లతో విప్పుతాడు. "చూడండి నాయనా, ఇదిగో రేగ్గింజలు. అంటే పోయింది చిరుత కాదు, ఎలుగుబంటి. పండు తినింది, గింజ ఇక్కడ వేసింది. అడవిశాఖ వాళ్ళు జీతమిచ్చి నాటించే పని ఇది ఉచితంగా చేస్తా ఉండాది." ముందు వరసలో ఆడపిల్లలు ముక్కు మూసుకుంటారు. వెనక వరస మగపిల్లలు మీద పడి చూస్తారు. వెంట వచ్చిన టీచరమ్మ దూరంగా చెట్టు కింద నిలబడి ఇది సిలబస్‌లో ఉందా లేదా అని ఆలోచిస్తుంటుంది.

ఎలుగుబంటి అంశం వచ్చిందంటే ఆయనలో నటుడు లేస్తాడు. మన ఎలుగుకు పైదవడలో నడిమి పళ్ళు రెండు ఉండవు. ఆ సందులోంచి గట్టిగా గాలి పీల్చి, పుట్టలోని చెదల్ని నోట్లోకి లాక్కుంటుంది. దైవికంగా సారుకు కూడా సరిగ్గా ఆ రెండు పళ్ళే లేవు. పుట్ట ముందు వంగి, పెదాలు చాచి, పీల్చుతాడు. ఆ మోత ఆగివున్న బస్సులో నిద్రపోతున్న డ్రైవరుకు కూడా వినబడుతుంది. కట్టించుకోవయ్యా అని ఇంట్లో పోరుపెడుతున్నా ఆయన పళ్ళు కట్టించుకోలేదు. కార్యక్రమం దెబ్బతింటుందని భయం.

బంగారు బల్లి దగ్గర మాత్రం గొంతు తగ్గిస్తాడు. 1870లో దాన్ని శాస్త్రలోకానికి చెప్పిన బెడ్డోమ్ మద్రాసు అడవిశాఖ అధికారి. ఈయన మాత్రం "మా బెడ్డోమ్ దొర" అంటాడు, మేనమామ వరస కలిపినట్టు. కొండల్లో ఈతచెట్టును పోలిన సైకస్ మొక్క ఒకటుంది. దానికీ ఆ దొర పేరే పెట్టారు గనక, దాన్ని కూడా బంధువుల్లోనే లెక్కేస్తాడు. రాతి సందులోకి టార్చి వేసి, "అదిగో" అంటాడు. అరవైమంది వంతులవారీగా సందులోకి తొంగిచూస్తారు. బల్లి కనబడిందని యాభైమంది ఒట్టేసి చెబుతారు. సారుకు కనబడిందో లేదో ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు.

ఆయనకు తీరని శత్రువు సినిమా. 2021లో 'పుష్ప' వచ్చిన తర్వాత ఎర్రచందనం గురించి పాఠం చెప్పడం ఆయన వల్ల కావడంలేదు. "ఈ చెట్టు మన కడప, చిత్తూరు, నెల్లూరు కొండల్లో తప్ప..." అని మొదలుపెట్టగానే నలభై చేతులు గడ్డాల కిందికి పోతాయి. చేవ ముక్క చేతికిచ్చి వాసన చూడమంటాడు. చందనమని పేరేగానీ వాసన రాదు. నీళ్ళల్లో వేస్తే మునుగుతుంది. చేవ పట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అంతా విని, వెనకనించి ఒకడు, "సార్, కిలో ఎంతుంటాది?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నకు ఆయన ముక్కుపుటాలు అదురుతాయి. ధర తెలియక కాదు.

భోజనాల దగ్గర ఇంకో పాఠం. హెడ్మాస్టరుగారి పెరుగన్నం డబ్బా కోతి ఎత్తుకుపోతే, సారు దాని వెంట పడడు, దాని వంశం చెబుతాడు. "నెత్తిన పాపిడి చూసినారా? ఇది మన దక్షిణాది కోతి సార్. ఉత్తరాదిలో మచ్చుకైనా ఉండదు." హెడ్మాస్టరు ఆకలి మీద ఉన్నాడు. "డబ్బా కూడా దక్షిణాదిదేనయ్యా," అన్నాడు.

అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు. సారుకు సంక్రాంతి ఆ వారమే. రోజుకు మూడు బళ్ళు, మూడు శాలువాలు. 2018లో మన ప్రభుత్వం రామచిలకను రాష్ట్ర పక్షిగా ప్రకటించినప్పటి నుంచి పాలపిట్ట తెలంగాణ వాటాకు పోయిందని ప్రతి సభలో బాధపడతాడు. కిటికీలోంచి కరెంటు తీగ చూపించి, "దానికి ఇంకా జీవో అందలేదు, ఈడనే కూర్చోనుండాది" అంటాడు. వ్యాసరచన పోటీలకు జడ్జీ ఆయనే. ఒకసారి ఒక ఆరో తరగతి బుడ్డోడు, "అడవిలో మాకు ఏ జంతువూ కనపడలేదు. సారే ఎలుగుబంటి. చాలా బాగుండాది" అని మూడు వాక్యాలు రాస్తే, మొదటి బహుమతి వాడికే ఇచ్చాడు. పది పేజీలు రాసినవాళ్ళ తల్లిదండ్రులు గొడవకొచ్చారు.

జంతువు నిజంగా ఎదురుగా ఉండే సందర్భం ఆయన జీవితంలో పాముల ఫోనొక్కటే. రాత్రి తొమ్మిదింటికి స్టేషను వెనక వీధిలో జెర్రిపోతు. వీధి వీధంతా కట్టెలు పట్టుకుని నిలబడింది. సారు వచ్చి, టార్చి వేసి, "విషం లేదు, ఎలకల్ని తింటాది, కట్టెలు దించండబ్బా" అన్నాడు. అందరూ దించారు. అక్కడికి ఊరుకుంటే ఆయన సారెందుకవుతాడు? ఇంటావిడ, "ఇది నాగుపాముకు మొగుడంట గదా నాయనా?" అని అడగనే అడిగింది.

"కాదవ్వా. నాగుపాముల్లో ఆడా మగా ఉంటాయి. జెర్రిపోతుల్లోనూ ఆడా మగా ఉంటాయి. వీళ్ళకీ వాళ్ళకీ సంబంధాలు లేవు," అంటూ సుద్దముక్క తీసి గోడ మీద రెండు కుటుంబాల బొమ్మ గీశాడు. జనం గుమిగూడి ఇరవై నిమిషాలు విన్నారు, చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత చూస్తే మూలన పాము లేదు.

సారు ఫోను మోగింది. పక్కింటివాళ్ళు. బాత్రూములో ఉందట.

"దాన్ని కదిలించొద్దండి," అన్నాడు సుద్దముక్క జేబులో వేసుకుంటూ, "అందర్నీ పిలిచిపెట్టండి, వస్తా ఉండా."