వచ్చే ఏడాదిని తాకట్టు పెట్టకండి: ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ యజమానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ యజమాని గారికి,

కిందటి సీజన్‌లో గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువై, ఈసారి డ్రాఫ్ట్‌లో ఎలాగైనా ముందు వంతు సంపాదించి ఒక కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసిరి ఆట నడిపేవాణ్ని) ఎగరేసుకుపోవాలని తమరు ఉబలాటపడుతున్నారని విన్నాను. తమరి పేరు ఇక్కడ రాయడం లేదు. 32 జట్ల యజమానుల్లో ఏటా ఎవరో ఒకరికి ఈ ఉబలాటం పుడుతూనే ఉంటుంది కనుక, పేరు లేకపోతేనే ఉత్తరం పాతబడకుండా ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో సలహా చెప్పడానికి నువ్వెవరని తమరు అడగవచ్చు. డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలోనూ, అక్కడికి దగ్గర్లోని ఇర్వింగ్‌లోనూ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. జట్టు యజమానులను తెలుగులో తిట్టుకోవడం అక్కడ ఎప్పుడో మొదలై ఉంటుంది. సలహా చెప్పడమే కాస్త ఆలస్యమైంది.

సంగతి కొత్తయినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఐపీఎల్ వేలంలోలాగా ఈ డ్రాఫ్ట్‌లో పాట పాడి కొనుక్కోవడం ఉండదు. కాలేజీ ఆట ముగించుకుని వచ్చే కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఏడు రౌండ్లలో ఎంచుకుంటాయి. కిందటేడు అందరికన్నా హీనంగా ఆడిన జట్టుది మొదటి వంతు, ఆఖరి పోరు సూపర్ బౌల్ గెలిచిన జట్టుది చివరి వంతు. చితికిపోయిన జట్టు మళ్లీ లేచి నిలబడటానికి లీగ్ ఇచ్చే ఆసరా ఇది. అయితే ఆ ఆసరాను అమ్ముకోవడానికి కూడా లీగ్ అనుమతిస్తుంది. 1990ల మొదట్లో, జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్న రోజుల్లో, కౌబాయ్స్ ఈ బేరాల కోసం ఒక ధరల పట్టిక తయారుచేసుకున్నారు. మొదటి వంతుకు 3,000 పాయింట్లు, రెండోదానికి 2,600, తొమ్మిదోదానికి 1,350, ముప్ఫై రెండోదానికి 590. తర్వాత చాలాకాలం లీగంతా దాన్నే కొలమానంగా వాడుకుంది. ఆ లెక్కన తొమ్మిదో వంతు నుంచి మొదటిదానికి ఎక్కాలంటే 1,650 పాయింట్ల లోటు పూడ్చాలి. ఈ ఏటి మిగతా వంతులన్నీ ఊడ్చి ఇచ్చినా అది పూడటం కష్టం. అందుకే వచ్చే ఏడాది మొదటి రౌండు వంతు బేరంలోకి వస్తుంది. నా గొడవంతా ఆ ఒక్క వంతు గురించే.

ఈ ఏటి వంతు ఎన్నోదో తెలుసు కాబట్టి దాని ధరా తెలుసు. వచ్చే ఏటి వంతు ఎన్నోదవుతుందో బేరం రోజున ఎవరికీ తెలియదు. రాబోయే సీజన్‌లో తమరి జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఓడితే అది అంత పైకి వెళ్తుంది, అంటే తమరు ఇచ్చుకునే మూల్యం అంత పెరుగుతుంది. కుర్రాడు రాణిస్తే చవక, రాణించకపోతే ప్రియం. పంట ఎండినకొద్దీ పెరిగే కౌలుకు ఏ రైతూ ఒప్పుకోడు. తమరు మాత్రం విలేకరులను పిలిచి మరీ ఒప్పుకుంటున్నారు. పైగా వచ్చే ఏటి వంతును ఒక రౌండు తగ్గించి లెక్కగట్టడం ఈ బేరాల్లో వాడుక: వచ్చే ఏటి మొదటి రౌండు వంతు ఈ ఏటి రెండో రౌండు వంతుతో సమానమట. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పరిశోధకులు (వీరిలో థేలర్‌కే 2017లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది) ఈ వాడుకను వడ్డీ లెక్కలోకి మార్చి చూస్తే అది ఏడాదికి నూరు శాతం దాటింది. తమరి ఆస్తులన్నిట్లో ఈ రేటుకు అప్పు చేసి కొన్నది మరొకటి ఉందా?

ఊహలు కట్టిపెట్టి జరిగినవే చూద్దాం. 1999లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ కోచ్ మైక్ డిట్కా, రికీ విలియమ్స్ అనే ఒక్క రన్నింగ్ బ్యాక్ కోసం ఆ ఏటి వంతులన్నీ, మరుసటి ఏడాది మొదటి, మూడో రౌండు వంతులూ వాషింగ్టన్‌కు ధారపోశాడు. ఒక పత్రిక ముఖచిత్రం కోసం విలియమ్స్ పెళ్లికూతురి గౌను తొడుక్కుని డిట్కా పక్కన నిలబడ్డాడు కూడా. ఆ కాపురం మూడు గెలుపులు, పదమూడు ఓటములతో తెల్లారింది, డిట్కా ఉద్యోగం పోయింది, ధారపోసిన వంతు రెండో స్థానంలో తేలింది. అప్పుడు లాభపడ్డ వాషింగ్టనే 2012లో డిట్కా దారి పట్టింది. రాబర్ట్ గ్రిఫిన్ కోసం ఆరో వంతు నుంచి రెండోదానికి ఎక్కుతూ, ఆ ఏటి రెండో రౌండు వంతుతో పాటు 2013, 2014 మొదటి రౌండు వంతులను రామ్స్‌కు ఇచ్చింది. మొదటి ఏడు గ్రిఫిన్ వెలిగిపోయాడు, పది మ్యాచ్‌లు గెలిచారు, కాబట్టి 2013 వంతు 22వ స్థానంలోనే ఆగింది. తర్వాత మోకాలి గాయం, ఆ వెనకే మూడు గెలుపుల సీజన్. 2014 వంతు రెండోదై కూర్చుంది. ఆ డిసెంబరులో రామ్స్ కోచ్ జెఫ్ ఫిషర్, ఈ బేరంలో దక్కిన ఆటగాళ్లనే కెప్టెన్లుగా వాషింగ్టన్ మైదానంలో టాస్‌కు పంపి, 24-0తో గెలిచి వెళ్లాడు. 2017లో హ్యూస్టన్ టెక్సన్స్ 25 నుంచి 12కు ఎక్కి డిషాన్ వాట్సన్‌ను తీసుకున్నారు. ఆటపరంగా ఎంపిక తప్పు కాదు, ఆడినన్నాళ్లూ అదరగొట్టాడు. సీజన్ మధ్యలో అతని మోకాలు దెబ్బతింది, జట్టు నాలుగే గెలిచింది, ఇచ్చేసిన వంతు నాలుగోదై క్లీవ్‌లాండ్‌కు డెంజల్ వార్డ్‌ను తెచ్చిపెట్టింది. ఇక కరోలినా పాంథర్స్. 2023లో బ్రైస్ యంగ్ కోసం తొమ్మిది నుంచి ఒకటికి ఎక్కడానికి షికాగోకు ఆ ఏటి రెండు వంతులు, 2024 మొదటి రౌండు, 2025 రెండో రౌండు వంతులు ఇచ్చారు. చాలక డీజే మూర్‌నూ ఇచ్చారు. యంగ్ విసిరే బంతుల్ని పట్టాల్సిన మేటి రిసీవర్‌ను, ఆ యంగ్‌ను కొనడానికే అమ్మేశారన్నమాట. రెండు గెలిచి పదిహేను ఓడారు. 2024లో మొట్టమొదటి వంతు షికాగో ఒళ్లో పడింది, వాళ్లు దానితో కేలబ్ విలియమ్స్‌ను తీసుకున్నారు.

తమరి జనరల్ మేనేజర్ ఈపాటికి మహోమ్స్ పేరెత్తి ఉంటారు. ఎత్తాల్సిందే. 2017లోనే కాన్సస్ సిటీ చీఫ్స్ 27 నుంచి పదికి ఎక్కి పాట్రిక్ మహోమ్స్‌ను తీసుకున్నారు, అతనితో మూడు సూపర్ బౌల్‌లు గెలిచారు. వాళ్లూ మరుసటి ఏటి మొదటి రౌండు వంతు ఇచ్చారు. కానీ ఇచ్చినప్పుడు వాళ్లెవరు? అంతకుముందు సీజన్‌లో పన్నెండు గెలిచి నాలుగే ఓడిన జట్టు. అలెక్స్ స్మిత్ అనే కుదురైన క్వార్టర్‌బ్యాక్ అప్పటికే ఉన్నాడు. మహోమ్స్ మొదటి ఏడాది ఒక్క మ్యాచ్ మినహా పక్కనే కూర్చున్నాడు. ఇచ్చిన వంతు 22వది అయింది. రేపు మహోమ్స్ ఎందుకూ కొరగాకపోయినా చీఫ్స్ మునిగేవాళ్లు కాదు. దీనికి రుజువు శాన్‌ఫ్రాన్సిస్కో. 2021లో ట్రే లాన్స్ కోసం వాళ్లు ఏకంగా మరో రెండేళ్ల మొదటి రౌండు వంతులు ఇచ్చారు. లాన్స్ అక్కరకు రాలేదు, రెండేళ్లు తిరిగేసరికి నాలుగో రౌండు వంతుకు డాలస్‌కు పంపేశారు. అయినా జట్టు గట్టిది కావడంతో ఇచ్చిన రెండు వంతులూ 29వ స్థానాల్లోనే తేలాయి. ఆ లోపల 2022 డ్రాఫ్ట్‌లో అందరికన్నా చివర, 262వ వంతులో తీసుకున్న బ్రాక్ పర్డీ వాళ్లను సూపర్ బౌల్‌దాకా నడిపించాడు. అంటే ఈ బేరం కలిగిన జట్టుకు విలాసం, లేని జట్టుకు అప్పు. చిత్రమేమిటంటే దీని కోసం ఎగబడేది ఎక్కువగా లేనివాళ్లే.

నా వాదానికి ఎదురుగా నిలిచే ఉదాహరణ ఒకటుంది, దాచను. 2022లో మూడే మ్యాచ్‌లు గెలిచిన టెక్సన్స్ 2023లో విల్ ఆండర్సన్ కోసం 12 నుంచి మూడుకు ఎక్కుతూ మరుసటి ఏటి మొదటి రౌండు వంతు ఇచ్చారు. బలహీనమైన జట్టే, అయినా గట్టెక్కింది, ఆ వంతు 27వది అయింది. కానీ వాళ్లు క్వార్టర్‌బ్యాక్‌ను, సీజే స్ట్రౌడ్‌ను, బేరం లేకుండా తమ సొంత రెండో వంతుతో తీసుకున్నారు. వాట్సన్‌ను అమ్మినప్పుడు క్లీవ్‌లాండ్ నుంచి దక్కిన మరో మొదటి రౌండు వంతు 2024కు చేతిలోనే ఉంది. రెండు ఉన్నవాడు ఒకటి ఇవ్వడం వేరు, ఉన్న ఒక్కటీ ఇవ్వడం వేరు.

మా స్కౌట్ల కంటికి ఈ కుర్రాడు తప్పడు అంటారు. మాసీ, థేలర్ దీన్నీ లెక్కవేశారు. ఒక ఆటగాడు, అదే స్థానంలో ఆడే వాళ్లలో అతని తర్వాత ఎంపికైన వాడికన్నా మెరుగ్గా తేలే అవకాశం దాదాపు 52 శాతమే. నాణెం ఎగరేసినదానికన్నా రెండు శాతం ఎక్కువ! 2012లో గ్రిఫిన్ కోసం అంత ఇచ్చిన వాషింగ్టన్, నాలుగో రౌండులో తీసుకున్న కర్క్ కజిన్స్‌తోనే తర్వాత ఎక్కువకాలం నెట్టుకొచ్చింది. అదే డ్రాఫ్ట్‌లో 75వ వంతుకు దొరికిన రస్సెల్ విల్సన్ సియాటిల్‌కు సూపర్ బౌల్ తెచ్చాడు. అమ్మినవాళ్ల కన్నూ దివ్యచక్షువు కాదు: 2014లో రామ్స్ వాషింగ్టన్ నుంచి వచ్చిన రెండో వంతుతో గ్రెగ్ రాబిన్సన్‌ను తీసుకుని నిరాశపడ్డారు, తమ సొంత 13వ వంతుతో ఆరన్ డొనాల్డ్‌ను తీసుకుని తరించారు. ఒకే గది, ఒకే రాత్రి, అవే కళ్లు.

అలాగని వంతులు పోగేసుకుని కూర్చోమని నేననను. క్లీవ్‌లాండ్ అదే చేసి 2016లో ఒక్కటి గెలిచింది, 2017లో పదహారుకు పదహారూ ఓడింది. క్వార్టర్‌బ్యాక్ లేకుండా ఈ లీగ్‌లో బతకలేమన్నదీ నిజమే. 2011 ఒప్పందం తర్వాత కొత్త కుర్రాళ్ల జీతాలకు కట్టుబాటు వచ్చింది కనుక, రాణించే కుర్ర క్వార్టర్‌బ్యాక్ అంత చవక సొత్తు లేదన్న వాదనలోనూ బలముంది. 2010లో మొదటి వంతు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం, మరుసటి ఏడు కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు దాదాపు 2.2 కోట్లు. కానీ ఆ చవక అందరు కొత్త ఆటగాళ్లకూ వర్తిస్తుంది. తమరు ఒక చవక ఒప్పందం కోసం మూడు నాలుగు చవక ఒప్పందాలు వదులుకుంటున్నారు. క్వార్టర్‌బ్యాక్ కావాలంటే 2018లో బఫలో బిల్స్ చేసినట్టు చేయండి. ఆ ఏటివే రెండు రెండో రౌండు వంతులు ఇచ్చి, 12 నుంచి ఏడుకు జరిగి జాష్ ఆలెన్‌ను తీసుకున్నారు. మరుసటి ఏడాది జోలికి పోలేదు. ఎంపిక తప్పినా నష్టం ఆ ఏటితో సరి.

బాస్కెట్‌బాల్ వాళ్లకు ఈ జబ్బు సంగతి ముందే తెలిసింది. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ కావలియర్స్ యజమాని టెడ్ స్టెపియన్ మొదటి రౌండు వంతులను ఎడాపెడా ఇచ్చేస్తుంటే, వరుసగా రెండేళ్ల మొదటి రౌండు వంతులు లేకుండా చేసుకోకూడదని ఎన్‌బీఏ నియమం తెచ్చింది. నేటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలాంటి కట్టడి లేదు కాబట్టి తమరి కట్టడి తమరే రాసుకోవాలి. రెండు వాక్యాలు చాలు. ఈ ఏటి వంతులతో ఎంత ముందుకు జరగగలిగితే అంతే జరుగుతాం. చేతిలో అదనపు వంతు ఉంటేనో, కిందటి సీజన్‌లో కనీసం పది మ్యాచ్‌లు గెలిచి ఉంటేనో తప్ప వచ్చే ఏటి మొదటి రౌండు వంతు ఎవరికీ ఇవ్వం. డ్రాఫ్ట్ రాత్రి ఫోన్లు మోగడం మొదలయ్యాక ఇవి గుర్తుండవు. దయచేసి ఈ వారమే కాగితం మీద పెట్టించి, జనరల్ మేనేజర్ చేత సంతకం చేయించి, ఆ కింద తమరూ సంతకం చేయండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి జట్టులో వాటా లేని ఒక శ్రేయోభిలాషి